రుస్తాఖ్ నీళ్లలో ఇనుప ఉంగరం

ఒమన్ వెళ్లొచ్చానని తెలియగానే మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "బంగారం ఏమాత్రం తెచ్చారు?" రెండోది, సెంటు సీసాలు తెచ్చారా అని. సెంటు తెచ్చాను, పంచాను, అయిపోయింది. బంగారం తేలేదు. ఆ ప్రయాణంలో ఇప్పటికీ నన్ను వదలనిది ఒక ఇనుప ఉంగరం. నిజం చెప్పాలంటే దాన్ని నేను కళ్లారా చూడనే లేదు. అది ఉండి వెళ్లిన వేలిని మాత్రం చూశాను.

నేను బాపట్లలో ఇంటర్మీడియట్ పిల్లలకు చరిత్ర చెబుతాను. 'రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఐరోపా' అనే పాఠం మా దగ్గర ఏటా నవంబరులో వస్తుంది. ఆ పాఠానికీ ఒమన్‌కీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. విమానం ఎక్కే రోజున ఎవరైనా అడిగితే నేనూ అదే మాట అనేదాన్ని. అప్పటికి నా బెంగంతా ఆవకాయ జాడీ దారిలో పగులుతుందేమోనని. పగల్లేదు గానీ నూనె ఊరి, కొత్త చీరలు రెండింటికి ఎర్రంచు వేసింది.

అల్ మవాలే

మా మరిది సూర్యం అల్ మవాలేలో ఒక ట్రేడింగ్ కంపెనీలో పనిచేస్తాడు. టైల్సు, పైపులు, కుళాయిలు అమ్మే కంపెనీ. "ఒక్కసారి రా వదినా" అని నాలుగేళ్లుగా పిలుస్తున్నాడు. మా ఆయనకు ప్రయాణమంటే పడదు. తెనాలి దాటితే ఆయనకు నిద్ర పట్టదు. అందుకని 1993 డిసెంబరులో, క్రిస్మస్ సెలవులకు ఇంకొన్ని సెలవులు అతికించుకుని ఒక్కదాన్నే బయల్దేరాను.

వెళ్లిన మొదటి రోజంతా నేను చేసిన పని ఎనభైతో హెచ్చవేయడం. రియాలంటే అప్పట్లో మనకు ఎనభై రూపాయలు. తోటకూర కట్ట, కొబ్బరికాయ, ఆఖరికి టీ కూడా నా నోట రూపాయలుగా మారి గుండె దడ పుట్టించేది. సాయంత్రానికి సూర్యానికి విసుగొచ్చింది. "వదినా, ఇక్కడ లెక్క కడితే ఆకలి చచ్చిపోతుంది. కట్టకు" అన్నాడు. మానేశాను. మనసులో కడుతూనే ఉన్నాను.

వీధి చివర ఒక మలయాళీ కొట్టు ఉంది. అక్కడ కరివేపాకు విమానంలో వస్తుంది. మన కూరగాయలవాడు కొసరుగా విసిరేసే రెమ్మని అక్కడ ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో దాచి, ఖరీదు కట్టి అమ్ముతారు. కూరలో కరివేపాకులా తీసిపారేశారనే మాట ఆ దేశంలో చెల్లదు. మా తోటికోడలు సరళ నోట్లో పడిన కరివేపాకును నమిలి మింగుతుంది, పక్కన పెట్టదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు కొట్లన్నీ మూసేసి, నాలుగింటికి మళ్ళీ తెరుస్తారు. ఆ మధ్యలో ఊరు ఊరంతా నిద్ర. మగవాళ్లు తెల్లటి పొడుగు అంగీలు తొడుక్కుంటారు, మెడ దగ్గర చిన్న కుచ్చు వేలాడుతుంది. ఆ కుచ్చును అత్తరులో ముంచుకుంటారట. అంత తెలుపు మా ఇంట్లో ఉంటే ఉజాలా డబ్బాలు ఎన్ని ఖర్చయ్యేవో అనుకున్నాను.

సమాయిల్

మూడో రోజు సూర్యం కంపెనీ బండి పైపులు దింపడానికి సమాయిల్ వెళుతోంది. బండి నడిపేది మల్లేశం. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎనిమిదేళ్లయిందట. మొదట సైట్‌లో ఇటుకలు మోసి, తర్వాత లైసెన్సు సంపాదించి డ్రైవరయ్యాడు. "మా ఇంటి మనిషి లాంటివాడు, ఊరు చూసిరా వదినా" అని సూర్యం నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

దారి పొడుగునా గడ్డిపరక లేని కొండలు. ఇనుపరజను కుప్పలు పోసినట్టున్నాయి. అవి చూసి చూసి కళ్లు ఎండిపోయాక ఒక మలుపు తిరిగితే ఒక్కసారిగా పచ్చగా ఖర్జూరపు తోటలు. సమాయిల్ అదే.

పైపులు తెప్పించుకున్న తోట యజమాని సాలెం డెబ్బై దాటిన మనిషి. పడుచుతనంలో పడవ మీద బొంబాయి తిరిగేవాడట, హిందీ బాగా మాట్లాడాడు. చాప పరిచి, పళ్లెం నిండా నల్లటి ఖర్జూరాలు పెట్టి, పిడికిలంత కూడా లేని పింగాణీ గిన్నెలో కాఫీ పోశాడు. యాలకుల వాసన, పాలు లేవు, చక్కెర లేదు. నాకు నచ్చలేదు, అయినా మర్యాదకు తాగేశాను. వెంటనే మళ్ళీ పోశాడు. తాగాను. మళ్ళీ పోశాడు. మన విందుల్లో విస్తరి మీద చేతులు అడ్డం పెట్టినా వడ్డించే మేనత్తలు గుర్తొచ్చారు. అయిదో గిన్నెకు గుండె దడదడలాడుతుంటే మల్లేశం నవ్వాపుకుంటూ చెప్పాడు. "గిన్నె ఊపాలెమ్మా! ఊపకపోతే పొద్దుమూకెదాంక పోస్తనే ఉంటరు." ఖాళీ గిన్నెను అటూ ఇటూ ఊపితే చాలని అర్థమట. ఊపాను. సాలెం కూడా నవ్వాడు.

ఆ తోటలో కాలువ ఒకటి చూపించాడు. ఫలజ్ అంటారు. కొండ కడుపులోంచి నీళ్లు తవ్వి తెచ్చి, జానెడు వెడల్పు కాలువలో ఊరంతా తిప్పుతారు. ఒక్కో తోటకు ఒక్కో వంతు. మన కాలువల మీద రాత్రుళ్లు గండ్లు కొట్టుకుని తలలు పగలగొట్టుకునే సంగతి చెబితే ఆయన ఆశ్చర్యపోయాడు. "మా దగ్గర నీళ్లలో ఏది కొట్టుకొచ్చినా వంతు ఎవరిదైతే వాళ్లదే. ఆకైనా, చెప్పైనా" అన్నాడు. ఆ మాట నేను రెండు రోజుల తర్వాత మళ్ళీ తలచుకోవాల్సి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఊరు దాటాక మల్లేశం గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీరు కాలేజీల సదువు చెప్తరు గద. ఇంగ్లీషు మంచిగ వస్తది గద. ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు."

"అడుగు."

"రుస్తాఖ్‌ల ఓబులక్క అని ఉన్నది, కడప దిక్కు మనిషి. ఇటలీ ఇంజినీర్ సాబ్ ఇంట్ల పని. సాబ్ తల్లి ముసలామెను చూసుకునుడే ఆమె డ్యూటీ. ఇప్పుడామెను ఇంటికి పంపిస్త అంటున్నడు సాబ్. ముసలామె ఉంగరం పోయింది."

"బంగారందా?"

"బంగారందైతే పోలీసుకు ఇద్దురు, అయిపోవు. ఇనుపదమ్మా! ఇనుప ఉంగరానికి ఇంత లొల్లి. ఓబులక్క దొంగతనం చెయ్యలేదు, తనే తీస్కపోయి నీళ్లల్ల ఏసింది. ఎందుకేసిందో సాబ్‌కు చెప్పేటందుకు ఆమెకు భాష లేదు. నాకున్న ఇంగ్లీషు 'యెస్ సర్, టుమారో సర్', గంతే. శుక్రారం ఆమెకు విమానం. ఆమె ఊర్ల బోరు ఏపిస్త అని వచ్చింది పాపం, ఏడాది గూడ నిండలె. మీరు జర ఒక్కమాట చెప్పి పెట్టాలె."

ఇనుప ఉంగరం కోసం మనిషిని దేశం దాటించేవాడు ఎలాంటివాడో చూడాలని నాకు తెగ కుతూహలం పుట్టింది. ఓబులమ్మ మీద జాలి ఆ తర్వాతే పుట్టిందని ఒప్పుకోవాలి.

రుస్తాఖ్

రుస్తాఖ్‌కు కుళాయిల పెట్టెలు తీసుకెళ్లే రోజు మళ్ళీ మల్లేశం బండే ఎక్కాను. సముద్రపు ఒడ్డునే వెళ్లి, బర్కా దగ్గర ఆగి హల్వా కొనుక్కున్నాం. అక్కడి హల్వా మన మాడుగుల హల్వాకు దూరపు చుట్టం. జిగురు ఎక్కువ, కుంకుమపువ్వు ఎక్కువ, వేలికి అంటుకుంటే ఒక పట్టాన వదలదు. అక్కణ్ణుంచి లోపలికి తిరిగితే మళ్ళీ కొండలు, కొండల ఒళ్లో మట్టిరంగు కోట, కోట కింద ఊరు.

ఊళ్లో వేడినీటి బుగ్గ ఒకటుంది. కీళ్లనొప్పులున్నవాళ్లు అందులో స్నానం చేస్తారట. "మెల్లగ పెట్టున్రి కాలు" అని మల్లేశం అంటూనే ఉన్నాడు, నేను పెట్టేశాను. కాలు కాలి, కెవ్వుమని, ఒక చెప్పు నీళ్లలో వదిలేశాను. కాలువ దాన్ని తీసుకుని చకచకా తోటల్లోకి వెళ్లిపోయింది. వంతు ఎవరిదో వాళ్లకు నా బాటా చెప్పు దొరికి ఉంటుంది. మిగిలిన ప్రయాణమంతా బర్కాలో సరళ కోసం కొన్న కొత్త చెప్పుల్లో చేశాను, రెండు అంగుళాలు పెద్దవి.

ఆ చెప్పులు ఈడ్చుకుంటూనే ఇంజినీరు గారింటికి వెళ్లాను. ఓబులమ్మ గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. నలభై దాటి ఉంటుంది, సన్నగా పొడుగ్గా ఉంది. నా చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కుపోయింది.

"శని ఉంగరమే గదా తల్లీ అది! మా ఊర్లో పెట్టుకోనోళ్లు ఎవురుండారు? నాకూ ఉండాది, సూడు." నడివేలికి గుర్రపు నాడాతో చేయించిన నల్ల ఉంగరం చూపించింది. "ఈ ముసలమ్మ, రోజమ్మకూ ఉండె. ఇటలీలో గూడా శని ఉంటాడు గామోసు అనుకుంటి. అయితే ఆయమ్మ నడిమేలికి పెట్టుకోల్యా, పక్కేలికి పెట్టుకొనింది. తప్పేలికి పెట్టుకుంటే శని యాడ ఇడుస్తాడు? అందుకే గదా మొగుడు పాయ, ఊరు పాయ, ముసలితనంలో ఈ రాళ్లలోకొచ్చి పడె."

"అయితే?"

"వేలు వాసిపాయ తల్లీ. ఉంగరం కండలోకి దిగి కోస్తాంది. తీయనీదు. ఎనభయ్యేండ్ల మనిషికి ఇంగా ఏం శని? ఎప్పుడో ఇడిసిపోయింటాది, ఆయమ్మకు చెప్పేవాళ్లు ల్యాక ఉంచుకొనింది అనుకుంటి. శనివారం పూట కునుకుతాంటే ఆముదం రాసి మెల్లగా లాగేస్తి. నల్ల నువ్వులేసి గుడ్డలో కట్టి, పారే నీళ్లలో ఏసొస్తి. మంచికే జేస్తి! ఆయమ్మ లేసి, వేలు వాసన చూసుకొని అరిసిన అరుపు ఇంగా నా చెవుల్లో ఉండాది. ఆ పొద్దు నుంచి నా చేతి మెతుకు ముట్టడంల్యా, నా మొగం చూడ్డంల్యా."

కళ్లొత్తుకుంది. శని విడిచాక ఉంగరాన్ని నువ్వులతో నీళ్లలో వదలడం మా వైపూ ఉంది. ఆమె స్థానంలో మా అమ్మ ఉన్నా అదే చేసేది. దీన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని నాకు గుబులు పట్టుకుంది.

నలుగురి నోళ్లు

రోజమ్మ అసలు పేరు రోజా. ఓబులమ్మ నోట అమ్మ చేరింది. వసారాలో నిమ్మచెట్ల వైపు తిరిగి పేముకుర్చీలో కూర్చుంది. పిట్టంత మనిషి, నల్లగౌను, దూది జుట్టు. కొడుకు పియెత్రోకు యాభై దాటాయి. అక్కడొక పెద్ద భవనం కట్టిస్తున్నాడు. చెడ్డవాడేమీ కాదు. నాకు కుర్చీ వేసి, తనే కాఫీ తెచ్చాడు. "రెండు రోజులు కూలీలతో కాలువంతా వెతికించాను. దొరకలేదు. అమ్మ ఈవిడ చేత్తో ఇచ్చింది తినడం లేదు. నేనేం చేయను, చెప్పండి" అన్నాడు ఇంగ్లీషులో.

మాట్లాడడం మొదలుపెట్టాం. ఓబులమ్మ కడప తెలుగులో చెబుతుంది. నేను ఇంగ్లీషులో పియెత్రోకు చెబుతాను. అతను ఇటాలియన్‌లో తల్లికి చెబుతాడు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. ఒక మాట వెళ్లి రావడానికి కాఫీ చల్లారేది.

శని ఒక గ్రహమనీ, అది పట్టిన మనిషిని ఏడున్నరేళ్లు పీడిస్తుందనీ, దాన్ని ఏలినాటి శని అంటారనీ, ఇనుము దానికి విరుగుడనీ, వదిలాక ఇనుమును నీళ్లకిచ్చేస్తామనీ చెప్పాను. పియెత్రో ముఖంలో చిరాకు పోయి మొదటిసారి నవ్వొచ్చింది. తల్లికి చెప్పాడు. ఆవిడ నిమ్మచెట్ల మీంచి చూపు తిప్పి మొదటిసారి ఓబులమ్మను చూసింది. ఒక్క ముక్క అంది.

"ఏడున్నరేళ్లేనా అని అడుగుతోంది" అన్నాడు పియెత్రో. "మాకు ఇరవయ్యేళ్లు పట్టాడు అంటోంది."

ఇటలీ, ఇనుప ఉంగరం, ఇరవయ్యేళ్లు. నేను ఏటా నవంబరులో నల్లబల్ల మీద రాసే పాఠం అంతా ఆ కుర్చీలో కూర్చుని ఉంది. నల్లచొక్కాల దళాలను వెంటేసుకుని గద్దెనెక్కి, దేశాన్ని ఇరవయ్యేళ్లు ఏలినవాడి పేరు మీకు తెలిసిందే. ఆవిడ మాట్లాడినంతసేపూ ఆ పేరు ఎత్తలేదు. 'అతను' అనే అంది. కనుక నేనూ ఎత్తను.

ఇంతలో ఓబులమ్మ, తను విషమేమీ పూయలేదని రుజువు చేసుకోవడానికి కాబోలు, వంటగదిలోంచి ఆముదం సీసా తెచ్చి మూత తీసి చూపించింది. రోజమ్మ చటుక్కున ముక్కు మూసుకుని గోడవైపు తిరిగిపోయింది.

"అమ్మకు ఆ వాసన మొదటి నుంచీ గిట్టదు. ఇంట్లోకి రానిచ్చేది కాదు" అన్నాడు పియెత్రో తేలిగ్గా.

ఆ పాఠంలో నేను పిల్లలకు ఒక ముక్క అదనంగా చెబుతుంటాను. నల్లచొక్కాల వాళ్లు తమకు ఎదురు తిరిగినవాళ్లను పట్టుకుని బలవంతంగా ఆముదం తాగించేవారని ఏదో పుస్తకంలో చదివాను. నిద్రపోతున్న క్లాసు ఆ మాటకు లేచి గొల్లున నవ్వుతుంది. ఆముదం పడితే ఏమవుతుందో మన పిల్లలకు వేరే చెప్పాలా? నేనూ వాళ్లతో పాటు నవ్వి పాఠం ముందుకు లాక్కుపోతాను. అది గుర్తొచ్చి పియెత్రోను అడిగాను. "మీ ఇంట్లో ఎవరికైనా ఆముదం పట్టారా?"

అతను తెల్లబోయాడు. తాతగారిని కొట్టారని మాత్రం తెలుసట. ప్రశ్నను తల్లికి చెప్పాడు. ఆవిడ మా వైపు తిరిగింది.

రోజమ్మ చెప్పింది

వాళ్లది పెద్ద నది పక్కన, చదును నేల మీద ఉన్న చిన్న ఊరు. తండ్రి చెప్పులు కుట్టేవాడు, ఊళ్లో వ్యవసాయ కూలీల సంఘానికి పెద్ద. రోజాకు ఎనిమిదేళ్లప్పుడు, సంత రోజున, మిట్టమధ్యాహ్నం ఒక లారీ వచ్చింది. దిగినవాళ్లు నల్లచొక్కాల్లో ఉన్నా ఎవరూ కొత్తవాళ్లు కారు. ఒకడు రొట్టెలమ్మే ఆవిడ కొడుకు. ఇంకొకడు ఆ తండ్రి కుట్టిన బూట్లే తొడుక్కుని ఉన్నాడు. సంత నడిమధ్య కుర్చీ వేసి ఆయన్ను కూర్చోబెట్టారు. నోట్లో గరాటు పెట్టి సీసాడు ఆముదం పోశారు. ఆ తర్వాత, నడిచి ఇంటికి పొమ్మన్నారు. సంత మధ్య నుంచి, తెలిసిన ముఖాలన్నిటి మధ్య నుంచి.

పియెత్రో అక్కడిదాకా ఒక్కో వాక్యమే ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ వచ్చాడు. తల్లి తర్వాతి మాట అంది. అతను చెప్పలేదు. ఆవిడ కొడుకు మోకాలి మీద వేలితో తట్టింది. చెప్పమన్నట్టు మళ్ళీ తట్టింది.

"అందరూ నవ్వారట," అన్నాడు నేల చూస్తూ. "నేనూ నవ్వాను అంటోంది."

ఎనిమిదేళ్ల పిల్ల. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. ఏం జరుగుతోందో తెలియక నవ్వింది. తండ్రి ఆ నవ్వుల మధ్య తలెత్తి చూస్తే కూతురు కనబడింది. కొట్టి ఉంటే గాయం మానేది అంది రోజమ్మ. దెబ్బలు తిన్నవాణ్ణి చూసి జనానికి జాలి కలుగుతుంది. నవ్వులపాలైన వాడి మాట మళ్ళీ ఎవరూ వినరు. ఆయన ఆ తర్వాత ఏ సభకూ పోలేదు, సంఘం చెదిరిపోయింది. ఊళ్లో ఒక్కణ్ణి కూడా చంపనక్కర్లేకపోయింది.

నేను ఇదంతా తెలుగులో ఓబులమ్మకు చెప్పాను. సీసా పట్టుకున్న ఆమె దాన్ని చీర కొంగులో దాచేసుకుంది.

ఉంగరం సంగతి ఆ తర్వాత పదమూడు పద్నాలుగేళ్లకు. 1935 చలికాలం. అబిసీనియా మీద యుద్ధం. ఈ ఒమన్ సముద్రానికి అవతలి తీరం దాటి లోపలికి వెళితే వస్తుంది ఆ దేశం. యుద్ధానికి బంగారం కావాలన్నాడు అతను. దేశంలోని ఆడవాళ్లంతా పెళ్లి ఉంగరాలు తీసి ఇవ్వాలి. రాణిగారే ముందు ఇచ్చింది. ఊరూరా బ్యాండు మేళం, చర్చి గంటలు, బారులు. బంగారపు ఉంగరం పళ్లెంలో వేస్తే ఫాదర్లు దీవించిన ఇనుప ఉంగరం వేలికి తొడిగేవారు. రోజాకు పెళ్లయి ఏడాది. ఎవరూ బలవంతం చేయలేదు. సంబరంగా వెళ్లి, వరసలో నిలబడి ఇచ్చింది. ఆ రోజు తనంత సంతోషంగా ఎప్పుడూ లేనంది. ఇనుప ఉంగరం చూపించడానికి పరుగున పుట్టింటికి వెళ్లింది.

తండ్రి చెప్పు కుడుతున్నాడు. కూతురి వేలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుంది. దీన్ని తీయకు" అన్నాడు. అంతే. మళ్ళీ చెప్పు అందుకున్నాడు.

మరుసటేడు ఆయన పోయాడు. ఆ ఇరవయ్యేళ్ల పాలన కూలిన రోజున ఊళ్లో ఆడవాళ్లు ఆ ఉంగరాలు తీసి నదిలోకి విసిరేశారు. రోజా తీయలేదు. తీయమని చెప్పవలసిన మనిషి లేడు.

వేలు

ఓబులమ్మ అంతా విని గోడకు చేరబడి కూర్చుండిపోయింది. "నాయన తీయొద్దన్న ఉంగరం నేను తీస్తినే" అంది. తర్వాత లేచి, తన నడివేలి ఉంగరాన్ని పళ్లతో పట్టి లాగి, రోజమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "చెప్పు తల్లీ ఆయమ్మకు. నాకింగా రెండేండ్లు శని ఉండాది. ఉన్నా ఫరవాల్యా. ఇదీ ఇనుమే. పెట్టుకోమను."

నేను చెప్పాను, పియెత్రో చెప్పాడు. రోజమ్మ ఆ ఉంగరాన్ని చాలాసేపు చూసింది. తర్వాత ఓబులమ్మ అరచేతిలోనే దాన్ని పెట్టి, వేళ్లు మూసి, గట్టిగా పట్టుకుంది.

"ఎవరు అడిగినా ఉంగరం ఇవ్వకు అంటోంది," అన్నాడు పియెత్రో. "ఎంత గొప్ప మాటలు చెప్పి అడిగినా. అడగకపోయినా."

తర్వాత తన ఎడమ చెయ్యి చాపి చూపించింది. ఉంగరం ఉన్నచోట వేలు చుట్టూ లోతుగా గాడి పడి ఉంది, తెల్లగా, చర్మం లేచి. యాభై ఎనిమిదేళ్ల గాడి. అది తీసెయ్యడం ఎవరి తరమూ కాదు, కొత్తది అక్కర్లేదు అంది.

ఆవిడే ఒక ప్రశ్న వేసింది. శని మళ్ళీ వస్తాడా అని. ఓబులమ్మకు ఇందులో సందేహమేమీ లేదు. "ముప్పయ్యేండ్లకోసారి వస్తాడమ్మా. ఎవురికైనా రావాల్సిందే." ఈ జవాబు ఇటాలియన్‌లోకి మారాక రోజమ్మ కొడుకు వంక చూసి తల ఊపింది, నేను చెప్పలేదా అన్నట్టు. పియెత్రో భుజాలు ఎగరేశాడు. ఆ కాలం పోయిందమ్మా అన్నట్టుంది ఆ ఎగరేయడం.

వచ్చాడని ఎలా తెలుస్తుందని నేనడిగాను. కుతూహలం కొద్దీ అడిగిన ప్రశ్నే. ఆవిడ నన్ను తేరిపార చూసింది. "మీరు టీచరు కదా, నవ్వు వినిపించినప్పుడు ఎవరిని చూసి నవ్వుతున్నారో చూడండి" అంది.

తర్వాత పుండు పడిన వేలిని ఓబులమ్మ ముందు పెట్టింది. ఓబులమ్మ పరుగున వెళ్లి కొబ్బరినూనె తెచ్చింది. రోజమ్మ తల అడ్డంగా ఊపి, ఆమె కొంగు వైపు చూపించింది. ఓబులమ్మ నా వంక చూసింది, నేను పియెత్రో వంక చూశాను. ఓబులమ్మ ఆముదం సీసా తీసి, రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, గాడి చుట్టూ మెల్లగా రాసింది. వసారా అంతా ఆ వాసన పరుచుకుంది. రోజమ్మ కళ్లు మూసుకుంది, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. చెంపల మీంచి కన్నీళ్లు గౌను మీదకి జారుతున్నాయి. నాకూ ఏడుపు ఆగలేదు, ఎందుకు దాచాలి?

పియెత్రో లోపలికి వెళ్లి ఫోను తిప్పాడు. శుక్రవారం టికెట్ వద్దని ఏజెంటుకు చెబుతుంటే వినిపించింది. గేటు దగ్గర మల్లేశం బండి హారన్ కొడుతున్నాడు, కుళాయిల డబ్బాలు దింపడం అయిపోయిందట. ఓబులమ్మ నాకోసం బెల్లం వేసి చేసిన నువ్వుండలు పొట్లం కట్టి ఇచ్చింది. నల్ల నువ్వులు మిగిలిపోయాయట.

బాపట్ల

ఇది రాసేనాటికి ఆ పాఠం మరో మూడుసార్లు చెప్పాను. ఆముదం ముక్క మానలేదు. చెప్పగానే క్లాసు ఎప్పటిలాగే గొల్లుమంటుంది. నేను ఇప్పుడు నవ్వను, కోప్పడను. నవ్వు ఆగేదాకా ఊరుకుని, అప్పుడు చెబుతాను: ఆ సంతలో నవ్విన వాళ్లలో ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె ఉంది, కుర్చీలో కూర్చోబెట్టింది వాళ్ల నాన్నని. క్లాసు నిశ్శబ్దమవుతుంది. మిగతా పాఠం ఎవరూ నిద్రపోకుండా వింటారు.

అయితే మొన్న నవంబరులో ఒకటి గమనించాను. నాన్న సంగతి చెప్పాక కూడా వెనక బెంచీల్లో నవ్వు ఇంకా కొంచెం మిగిలే ఉంది. నా భ్రమేమో. వచ్చే నవంబరులో మళ్ళీ వింటాను.